చీజ్‌స్టేక్ కోసం కొన్న పోత ఇనుప పెనం

ఫిలడెల్ఫియాలో 1930ల్లో ప్యాట్, హ్యారీ ఒలివియెరి సోదరులు మొదలుపెట్టిన చీజ్‌స్టేక్ శాండ్‌విచ్‌ను (పొడవాటి రొట్టెలో పలుచటి గొడ్డు మాంసం, కరిగిన చీజ్ పెట్టి చేసేది; తొలినాళ్లలో అందులో చీజ్ ఉండేది కాదు) ఇంట్లోనే చేసుకోవాలన్న కోరికతో, రెండు పొయ్యిల మీద పరుచుకునే పొడవాటి పోత ఇనుప పెనం కొన్నాను.

దీని గొప్పతనమంతా వేడిని పట్టి ఉంచడంలోనే ఉంది. రిబ్‌ఐ (పక్కటెముకల దగ్గరి గొడ్డు మాంసం) ముక్కను నలభై నిమిషాలు ఫ్రీజర్‌లో గట్టిపరచి, కాగితమంత పలుచగా కోసి వేస్తే, పలుచటి పెనం చల్లబడిపోయి మాంసం తన నీటిలో తానే ఉడికిపోతుంది. ఇందులో మాత్రం చుర్రుమంటూ అంచులు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. అప్పుడు వేగిన ఉల్లిపాయలను కలిపి, పైన ప్రొవొలోన్ చీజ్ పరచి, పక్కన చెంచాడు నీళ్లు చిలకరించి మూత పెడితే, నిమిషంలోపే చీజ్ కరిగి మాంసం సందుల్లోకి జారుతుంది. మిగిలిన కొవ్వులోనే రొట్టె లోపలి వైపును కాల్చుకోవచ్చు, ఆ రుచి కోసమైనా ఈ పెనం కొనవచ్చనిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. రెండు మంటల నడిమి భాగం ఆలస్యంగా వేడెక్కుతుంది కనుక, సన్నని సెగ మీద పది నిమిషాలైనా ముందుగా కాచుకోవాలి. బరువు ఎక్కువ, ఒక చేత్తో ఎత్తలేము. కడిగిన వెంటనే తుడిచి నూనె రాయకపోతే తుప్పు పడుతుంది. ఒకరిద్దరికే వండుకునేవారికి పన్నెండు అంగుళాల గుండ్రటి పోత ఇనుప పెనం సరిపోతుంది.