సెకండ్ హ్యాండ్ బండి, ఆదిలాబాద్ చలి: నాలుగు శీతాకాలాల తర్వాత

బండి చూడ్డానికి మధ్యాహ్నం మూడింటికి వెళ్లడం నేను చేసిన మొదటి తప్పు. 2021 డిసెంబర్, ఎండ బాగానే ఉంది. అమ్మే ఆయన అప్పుడే ఎక్కడికో వెళ్లొచ్చినట్టున్నాడు, ఇంజన్ వేడిగా ఉంది, ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది, చప్పుడు లేదు, పొగ లేదు. 2015 మోడల్, 97 సీసీ, నాలుగు గేర్లు, కిక్ మాత్రమే, సెల్ఫ్ లేదు. కంపెనీ పేరు చెప్పను గానీ మా వైపు ఏ పెళ్లింటి ముందు చూసినా వరసగా నిలబడి ఉండేవి ఈ బండ్లే. మీటరు 38 వేలు చూపించింది. ముప్పై రెండు వేలకు బేరం కుదిరింది, సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరున్నరకు పద్దెనిమిది కిక్కులు కొట్టాను. లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నాను. స్వెటర్ లోపల చెమట పట్టింది, బండి మాత్రం ఉలకదు పలకదు. ఎదురింటి పెద్దాయన చాయ్ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు, అదో అవమానం.

ఆదిలాబాద్ చలి తెలియనివాళ్ల కోసం ఒక మాట. డిసెంబర్, జనవరి నెలల్లో ఇక్కడ తెల్లవారుజామున పది డిగ్రీల లోపు ఉండటం మామూలే, కొన్ని రోజులు ఐదారుకు కూడా పడిపోతుంది. నేను టౌన్లో ఉంటాను, నేను పాఠాలు చెప్పే బడి గుడిహత్నూర్ దాటి లోపలికి వెళ్లాలి, రానుపోను యాభై కిలోమీటర్లు, అందులో సగానికి పైగా హైవే. చలికాలమే పదో తరగతికి స్పెషల్ క్లాసులు, కాబట్టి ఎండ వచ్చాక బయల్దేరదాం అంటే కుదరదు. అప్పటి నుంచి ఇప్పటికి దాదాపు నలభై వేల కిలోమీటర్లు తిప్పాను, మీటరు 78 వేలకు దగ్గర్లో ఉంది.

ఆ రోజు బండిని తోసుకుంటూ మా వీధి చివర షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ భాయ్ చేసిన మొదటి పని ఆయిల్ పుల్ల (ఇంజన్ ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్) తీసి, రెండు వేళ్ల మధ్య ఆయిల్ రాసి చూడటం. "సార్, దీంట్ల చిక్కటి ఆయిల్ పోసిండ్రు. చప్పుడు దాయనీకి." అప్పటికి నాకు అర్థం కాలేదు. బండికి వేయాల్సింది 10డబ్ల్యూ-30. ఆ డబ్ల్యూ అంటే వింటరే, దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత పలచగా పారుతుంది. అమ్మినాయన 20డబ్ల్యూ-50 లాంటిదేదో పోయించాడు. వేడి మీద అది ఇంజన్ లోపలుండే టైమింగ్ చైన్ గలగలను కప్పేస్తుంది, చలి పొద్దున మాత్రం ఆముదంలా బిగుసుకుని కిక్ రాడ్ కిందకి దిగనివ్వదు, క్లచ్ పట్టుకున్నా ప్లేట్లు సరిగ్గా విడిపోవు, ఫస్ట్ గేర్ వేయగానే బండి ముందుకు ఎగురుతుంది. పాతది మొత్తం తీయించి సరైన ఆయిల్ 900 మిల్లీల డబ్బా పోయించగానే రెండు జరిగాయి: కిక్ తేలికైంది, దాచిన చప్పుడు బయటపడింది. ఆ టైమింగ్ చైన్ 2023 ఎండాకాలంలో మార్పించాను, లేబర్‌తో కలిపి రెండు వేల నాలుగు వందలు. ఇంకో సంగతి, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్ బైకు క్లచ్‌కు సరిపోతుందనే గుర్తు) అని ఉందో లేదో చూసుకోండి. మన బండ్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, ఇంట్లో మిగిలింది కదా అని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

ఆయిల్ లెవెల్ చూసేటప్పుడు పుల్లని తిప్పి బిగించకూడదు, ఊరికే దూర్చి తీసి చూడాలి. నేను ఏడాది పాటు బిగించే చూశాను, ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

ఆయిల్ మారినా పొద్దున స్టార్టింగ్ పూర్తిగా దారికి రాలేదు. కార్బొరేటర్ కడిగారు, ప్లగ్గు మార్చారు, రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. అసలు దొంగ టాపెట్లు, అంటే ఇంజన్ వాల్వుల దగ్గర సందు సర్దే స్క్రూలు. టాపెట్ చప్పుడు లేకపోతే ఇంజన్ బాగున్నట్టు అని మనందరికీ ఒక నమ్మకం, అందుకే షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ "కొంచెం టైట్ చెయ్ అన్నా" అంటాం. మరీ టైట్ అయితే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది, చలిలో అసలే స్టార్టింగ్ కష్టం, ఇక దీంతో కలిస్తే పద్దెనిమిది కిక్కులు ఎందుకు పడవు? పైగా ఆ సెట్టింగ్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. మనం బండి నడుపుకుంటూ షెడ్డుకు వెళ్తాం, వాళ్లు వేడి మీదే చేసేస్తారు, ఆ కొలత తప్పుతుంది. నేను రాత్రి బండిని షెడ్డులో వదిలేసి వచ్చి, పొద్దున స్టార్ట్ చేయకుండానే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చేయమని బతిమాలాను. భాయ్ నవ్వాడు గానీ చేశాడు. ఆ తర్వాత మూడో కిక్కు దాటిన రోజులు చాలా తక్కువ. ఇప్పుడు సన్నగా టిక్ టిక్ వినిపిస్తుంది, ఆ చప్పుడుంటేనే నాకు నిద్ర పడుతుంది.

పొద్దున నా పద్ధతి ఇది. తాళం వేయకుండా, అంటే ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగానే, చోక్ లాగి నెమ్మదిగా రెండు మూడు కిక్కులు. అప్పుడు తాళం తిప్పి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా ఒక గట్టి కిక్కు. స్టార్ట్ అయ్యాక ఊరికే రేజ్ చేయొద్దు, ఆయిల్ ఇంకా పైకి ఎక్కని ఇంజన్‌ని అరిపించడం దాన్ని అరగదీయడమే. ముప్పై నలభై సెకన్లలో చోక్ సగానికి, వీధి మలుపు తిరిగేలోపు పూర్తిగా మూసేయడం. చోక్ మూయడం మరిచిపోయి బడి దాకా వెళ్లిన రోజులు నాకున్నాయి, సాయంత్రానికి ప్లగ్గు మసిబొగ్గు. లీటరుకు అరవై ఇచ్చే బండి యాభైకి పడిందని తిట్టుకుంటే, తిట్టాల్సింది నన్నే.

మొదటి సంక్రాంతి సెలవుల్లో ఒక భయం. ఆయిల్ పుల్ల తీస్తే మూత లోపల మజ్జిగ నురగలాంటి తెల్లటి జిగురు. నాకు టెన్షన్. వీడియోల్లో చూస్తే ఇంజన్లోకి నీళ్లు పోయాయి, గాస్కెట్ పోయింది అంటారు. కాస్త ఆలోచిస్తే, ఇది గాలికి చల్లబడే ఇంజన్, ఇందులో రేడియేటర్ లేదు, కూలెంట్ లేదు, లోపలే లేని నీళ్లు ఎక్కడి నుంచి కారతాయి? సంగతేంటంటే ఆ వారమంతా బండిని కిరాణా కొట్టు దాకా, పాల కేంద్రం దాకా మాత్రమే తిప్పాను, ఇంజన్ పూర్తిగా వేడెక్కలేదు. లోపలి గాలిలోని తేమ చల్లటి మూత కింద నీళ్లుగా పేరుకుని ఆయిల్‌తో కలిసింది, అంతే. నలభై కిలోమీటర్లు ఆగకుండా తిప్పి తెచ్చి, మూత తుడిచి పెడితే మళ్లీ రాలేదు. ఇదే జిగురు రోజూ దూరం తిరిగే బండిలో వస్తే, లేదా వాగు దాటాక వస్తే మాత్రం ఆయిల్ మార్చేయండి. చలికాలంలో నేను రెండు వేల కిలోమీటర్లకే మార్చేస్తున్నాను, ఎక్కువేనని తెలుసు, అయినా.

పెట్రోల్ సంగతి కూడా తేమతోనే ముడిపడింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా పెట్టి వారం రోజులు మంచులో వదిలేస్తే ఆ ఖాళీ భాగంలో చెమ్మ పడుతుంది. సెలవులకు ఊరెళ్లేముందు ట్యాంకు నింపి, పెట్రోల్ కాక్ మూసి, కార్బొరేటర్ అడుగున్న డ్రైన్ స్క్రూ విప్పి గిన్నెలోని పెట్రోల్ తీసేస్తాను. సీసాలోకి పడితే అడుగున నీటి బొట్లు ముత్యాల్లా కనిపించిన రోజులున్నాయి. పాత బండి కాబట్టి పెట్రోల్ పైపు రబ్బరు గట్టిపడి పగుళ్లు వచ్చాయి, మార్పించాను, అరవై రూపాయలు.

ఇది ఏ మాన్యువల్‌లోనూ రాయరు గానీ మా వైపు శీతాకాలం అంటే పత్తి కాలం. మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు బారులు తీరతాయి, రోడ్డు పక్క తుమ్మ చెట్లకు కూడా దూది పూసినట్టుంటుంది, హైవే మీద వాటి వెనక వెళ్తే ముక్కులోకే కాదు, ఎయిర్ ఫిల్టర్‌లోకి కూడా పోతుంది. రెండో ఏడాది జనవరిలో బండి అరవై స్పీడు దాటనంటే ఇంజన్ పోయిందనుకున్నాను. ఫిల్టర్ డబ్బా విప్పితే చిన్న దిండు కుట్టేంత దూది. నా బండిలోది కాగితం ఫిల్టర్, గాలి కొట్టి మళ్లీ పెట్టడం కంటే మార్చడమే మేలు.

టైర్ల విషయంలో నేను కింద పడే నేర్చుకున్నాను. కొన్నప్పుడు గాడి బాగా లోతుగా ఉంది, కొత్త టైరే అనుకున్నా. మంచుకు తడిసిన కల్వర్టు మీద బ్రేకు వేస్తే వెనక చక్రం పక్కకు జారింది, మోకాలు చిట్లింది, లంచ్ బాక్సు సొట్టపోయింది. తర్వాత టైరు పక్క గోడ మీద చూస్తే నాలుగు అంకెలు: 2214. అంటే 2014లో 22వ వారం తయారీ. గాడి ఉంది గానీ రబ్బరు గోరుతో నొక్కితే దిగనంత గట్టిపడింది. రెండూ మార్చేశాను. గాలి కూడా మధ్యాహ్నం ఎండలో పట్టిస్తే తెల్లారే చలికి మూడు పాయింట్ల దాకా తగ్గుతుంది, అందుకే పొద్దున ఇంటి దగ్గరి షాపులోనే చూపిస్తాను, నేనొక్కడినే కాబట్టి ముందు 25, వెనక 28.

మిగతావి చిన్నవి. చైన్ పూర్తి కవర్ లోపల ఉంటుంది కాబట్టి కళ్లకు కనిపించదు, మనసుకూ గుర్తురాదు, రబ్బరు మూత తీసి వేలితో ఎత్తి చూడండి, రెండున్నర సెంటీమీటర్ల ఊగులాట చాలు. కిరోసిన్‌తో బ్రష్షు కొట్టి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ రాయాలి. క్లచ్, ఎక్సలేటర్ కేబుళ్లు చలికి బిగుస్తాయి, పైనుంచి నాలుగు చుక్కల ఆయిల్ దించితే వేళ్లు బతుకుతాయి. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్ల పొడి కనిపిస్తే వేడినీళ్లతో కడిగి వాజిలిన్ రాయడం. హెడ్‌లైట్ ఇంజన్ తిరిగినంతే వెలుగుతుంది, పొగమంచులో స్పీడు తగ్గిస్తే లైటూ తగ్గుతుంది, దానికి నా దగ్గర మందు లేదు. వెనక మడ్‌గార్డ్‌కు, హెల్మెట్‌కు రేడియం స్టిక్కర్లు అంటించుకున్నాను, ఎడ్లబండ్ల వాళ్లకు కూడా కొన్ని పంచాను.

కాగితాల గురించి ఒక్క ముక్క: డబ్బులిచ్చే ముందే చలాన్లు చూసుకోండి. నేను చూడలేదు, పాతాయనవి నాలుగున్నాయి, అడిగితే ఫోన్ ఎత్తలేదు. 2022 మార్చిలో ప్రభుత్వం టూవీలర్లకు 75 శాతం తగ్గించినప్పుడు నేనే కట్టేశాను.

మొదటి నెలన్నరలో బండి మీద పెట్టింది దాదాపు ఆరు వేలు, ఎక్కువ భాగం టైర్లకే. ఈ మధ్య మా బడికి కొత్తగా వచ్చిన టీచర్ తమ్ముడు అమ్ముతారా సార్ అని అడిగాడు. ఆదివారం సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. వద్దు, పొద్దున ఆరింటికి రా, అప్పటి దాకా నేను ముట్టుకోను అన్నాను. మంకీ క్యాప్ పెట్టుకుని, వాళ్ల బాబాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. బాబాయి సీటు మీద మంచు చేత్తో తుడిచి, చోక్ లాగి, కిక్ కొట్టాడు. రెండో కిక్కుకు స్టార్ట్ అయింది. పాతిక వేలిస్తామన్నారు. చాయ్ తాగించి పంపించేశాను, అమ్మబుద్ధి కాలేదు.