పొద్దు లేని చోట టైమ్ ఎలా చూసుకుంటారు: నిద్రలా, బొట్లా, గిన్నెలా?

నాగలోకంలో జరిగే ఫాంటసీ కథ ఒకటి రాస్తున్నాను. మూడో అధ్యాయంలో "తెల్లవారగానే సైన్యం కదిలింది" అని రాసేసి, మర్నాడు చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. పాతాళంలో తెల్లవారడమేంటి? సరే అని కథంతా వెతికితే పొద్దున్నే, పొద్దుపోయాక, పొద్దస్తమానం, మాపటేళ... మన తెలుగులో టైమ్ అంటేనే పొద్దు, పొద్దంటే సూర్యుడు. అవన్నీ తీసేస్తే సగం వాక్యాలు కుంటుతున్నాయి.

భాగవతం ఐదో స్కంధం ఈ చిక్కును ఒక్క దెబ్బకు తేల్చేసింది. అక్కడ ఎండ పడదు కాబట్టి పగలూ రాత్రీ అనే భాగాలు లేవు, వాటివల్ల కలిగే భయమూ లేదు, ఇక వెలుగంటారా, పెద్ద పాముల పడగల మీది మణులు చూసుకుంటాయి. వినడానికి హాయిగానే ఉంది. కానీ నా కథలో కాపలావాళ్ల డ్యూటీలు మారాలి, అప్పుల గడువులు తీరాలి, ఒక పెళ్లి ముహూర్తం తప్పిపోవాలి. ఏదో ఒక లెక్క కావాల్సిందే.

అన్నిటికంటే సులువు నిద్రలు లెక్కపెట్టడం. మనకిది కొత్తేం కాదు, పెళ్లయ్యాక మూడు నిద్రలు చేసి రమ్మంటారుగా. కానీ 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచ్ ఆయన గడియారం లేకుండా ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక గుహలో రెండు నెలలు ఉన్నాడు. గడువు అయిపోయింది రమ్మని పైనుంచి చెప్పిన రోజు సెప్టెంబరు 14, ఆయన లెక్కలో మాత్రం అది ఆగస్టు 20. సెకనుకొకటి చొప్పున 120 దాకా లెక్కపెట్టమంటే దాదాపు 5 నిమిషాలు తీసుకున్నాడు. తమాషా ఏంటంటే ఒళ్లు మాత్రం 24 గంటలకు కాస్త అటుగా బాగానే పడుకుని లేస్తోంది, రాత్రంత నిద్రను కునుకు అనుకుని పొరబడింది మనసే. పోనీ గుంపుగా ఉంటే నయమా అంటే, 2021లో 15 మంది ఫ్రాన్స్‌లో ఇంకో గుహలో 40 రోజులుండి, సుమారు 30 రోజులే అనుకున్నారు. అప్పిచ్చినవాడు నలభై నిద్రలనీ, తీసుకున్నవాడు ముప్ఫయ్యేననీ కొట్టుకు చస్తారు. చిన్న వేటగాళ్ల ముఠాకైతే చాలు, ఊరికి పనికిరాదు.

బొట్టు లెక్క బాగుంటుందని మొదట నేనూ మురిసిపోయాను. బొర్రా గుహల్లో మెడ మీద చల్లగా పడే చుక్క గుర్తుంటే మీకూ అదే తోస్తుంది. కానీ పైన వాన పడితే బొట్టు జోరందుకుంటుంది, ఎండాకాలం నీరసపడుతుంది. గంటలకు పనికిరాదు గానీ, పైన ఋతువు మారిందన్న కబురు కిందివాళ్లకు చెప్పేది అదొక్కటే. ఇంకోటి, ఆ బొట్టుతో పెరిగే సున్నపురాతి ఊడ చాలాచోట్ల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు, అటూ ఇటూగా. అంటే బెత్తెడు పెరిగేసరికి ఓ ఏడెనిమిది వందల ఏళ్లు. "బెత్తెడు కిందట మమ్మల్ని ఏలిన రాజు" అని ఒక ముసలి నాగుడి చేత అనిపించాను. ఇప్పటిదాకా రాసినవాటిలో నాకు బాగా నచ్చిన మాట అదే.

నూనె దీపం వద్దు, గాలాడని చోట ఊపిరికే దిక్కులేదంటే దీపాలా. గుడ్డి చేపల్ని కూడా చూశాను, సొమాలియా గుహల్లో ఉండే ఒక చేప ఒంట్లో గడియారం సుమారు 47 గంటలకు ఒక చుట్టు తిరుగుతుందట. అయితే అది వెలుగును పట్టించుకోదు, మేత వేళనే పట్టుకుంటుంది. మరి మేత వేసేవాడు ఏ టైమ్ చూసుకోవాలి?

నా ఓటు గిన్నెకే. అడుగున సన్న రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్లలో వదిలితే మునగడానికి ఒక ఘడియ, 24 నిమిషాలు, అలా 60 మునిగితే రోజు. ఇంట్లో పాత గిన్నెకు మేకుతో రంధ్రం చేసి బకెట్‌లో వదిలితే 3 నిమిషాలకే గుడగుడమంటూ మునిగింది, సూది మొనంత రంధ్రం ఉండాలని అప్పుడు తెలిసింది. దీనికి ఎప్పుడూ ఒక మనిషి కాపలా ఉండాలి, మునిగిన ప్రతిసారీ గంట కొట్టాలి, ఆ మోత సొరంగాల్లో దూరం వెళ్తుంది. బొగ్గుబాయి సైరన్ వింటూ పెరిగినవాళ్లకు ఆ మోతకున్న అధికారం ఏంటో నేను చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది దాని లోపం. భాస్కరాచార్యుడి కూతురు లీలావతి నగలోంచి ముత్యం జారి గిన్నె రంధ్రానికి అడ్డుపడి, ముహూర్తం దాటిపోయిందని కథ ఉంది కదా. గుహలో ముత్యం కూడా అక్కర్లేదు, ఆ నీళ్లలో ఉండే సున్నమే చాలు. మన ఇంట్లో కుళాయికి పట్టినట్టే రంధ్రం చుట్టూ తెల్లగా పట్టి, ఏళ్లు గడిచేకొద్దీ సన్నబడుతుంది. 24 నిమిషాల ఘడియ 25 అయిందనుకోండి, వాళ్లు 24 రోజులు లెక్కేసేసరికి పైన 25 గడిచిపోతాయి. పాత గిన్నె ఉన్న ఊరికీ కొత్త గిన్నె ఉన్న ఊరికీ తేదీలు కలవవు, సంతలు కలవవు, పండగలు అంతకన్నా కలవవు.

మూడో అధ్యాయంలో ఆ వాక్యం మార్చేశాను. "పదిహేనో గిన్నె మునగగానే సైన్యం కదిలింది." శత్రువుల ఊళ్లో అప్పటికింకా పద్నాలుగోది తేలుతూనే ఉంది.