డబ్లిన్‌లో పంక్ వినాలంటే ముందు జిగ్ వినాలి

ఐరిష్ పంక్, అంటే ఐర్లాండ్ జానపద బాణీలను పంక్ రాక్ హోరుతో కలిపిన సంగీతం, ఆ పిచ్చితో డబ్లిన్ వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ సంగీతంలో పెద్ద పేర్లు చాలావరకు ఆ ఊరివి కావు. ది పోగ్స్ బ్యాండ్ 1982లో లండన్‌లో కింగ్స్ క్రాస్ ప్రాంతంలో మొదలైంది. డ్రాప్‌కిక్ మర్ఫీస్‌ది బోస్టన్ పక్కనున్న క్విన్సీ. ఫ్లాగింగ్ మాలీ లాస్ ఏంజెలెస్‌లోని ఒక పబ్‌లో వాయిస్తూ పైకొచ్చింది. పొట్టచేత పట్టుకుని వెళ్లినవాళ్ల పిల్లలు ఇంటి పాటను అరిచి పాడితే ఇలా ఉంటుందనిపిస్తుంది. మరి డబ్లిన్ ఎందుకంటే, ఆ బాంజో, టిన్ విజిల్ అనే చిన్న రేకు పిల్లనగ్రోవి, అకార్డియన్ పక్కన హోరు లేకుండా ఎలా పలుకుతాయో దగ్గర కూర్చుని వినడానికి.

బస గురించి ముందు చెప్పేస్తాను. టూరిస్టు పబ్‌లతో నిండిన టెంపుల్ బార్ అనే పేటలో గది తీసుకోవద్దు. ఫొటోలకు బాగుంటుంది, పగలు ఒక రౌండు వేయొచ్చు. రాత్రి మాత్రం నిద్ర ఉండదు, బీరు ధర ఊళ్లో మిగతా చోట్లకంటే బాగా ఎక్కువ, పైగా ప్రతి పబ్‌లోనూ టూరిస్టులు అడిగే అవే పాటలు. నేను మొదట దిగిన హోటల్ అక్కడే. కిటికీ మూసినా కింద మైకు వినిపించేది, గది మార్చమంటే రిసెప్షన్‌లో నవ్వి ఊరుకున్నారు. తర్వాత లిఫీ నదికి ఉత్తరాన స్మిత్‌ఫీల్డ్‌కి మారాను. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, లువాస్ ట్రామ్ రెడ్ లైన్ పక్కనే. లీప్ కార్డు కొనుక్కుంటే 2 యూరోలకి తొంభై నిమిషాలపాటు బస్సు, ట్రామ్ మారుతూ తిరగొచ్చు. ఎయిర్‌పోర్టుకు రైలు లేదు, బస్సే దిక్కు.

స్మిత్‌ఫీల్డ్‌లో ఉండాల్సిన అసలు కారణం కాబుల్‌స్టోన్ పబ్. 2021లో అక్కడ హోటల్ కట్టే ప్రతిపాదన వస్తే జనం వీధుల్లోకి వచ్చారు, నగర కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. ముందు గదిలో ఒక మూల బెంచీల మీద సంగీతకారులు గుండ్రంగా కూర్చుని వాయిస్తారు. వేదిక లేదు, మైకు లేదు, ముందుగదికి టికెట్టూ లేదు. వాళ్ల కుర్చీల్లో కూర్చోకూడదు, పాట మధ్యలో గట్టిగా మాట్లాడకూడదు, మీకిష్టమైన పాట కావాలని అడగకపోవడమే మర్యాద.

నాకు ఈ పంక్ ఎందుకు పట్టుకుందో అర్థమైంది అక్కడే. బౌరాన్ అంటే చెక్క చట్రానికి బిగించిన మేకతోలు, చిన్న పుల్లతో వాయిస్తారు, మన డప్పుకు దూరపు చుట్టంలా ఉంటుంది. జిగ్, రీల్ అనేవి ఐరిష్ నాట్య బాణీలు. జిగ్ 6/8లో నడుస్తుంది, కర్ణాటక సంగీతం విన్న చెవికి తిస్ర నడక వెంటనే దొరుకుతుంది. రీల్ నాలుగు దెబ్బల లెక్క. రెండూ మొదటినుంచీ వేగంగానే ఉంటాయి, ఆగకుండా ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దూకుతాయి. అంటే వేగాన్ని పంక్ బయటినుంచి తెచ్చి పెట్టలేదు. అది తెచ్చింది గొంతులోని కోపం, తాళం మీద మొరటు దెబ్బ. పోగ్స్ తొలి రోజుల్లో డ్రమ్మర్ ఆండ్రూ రాంకెన్ నిలబడి, చాలా తక్కువ డ్రమ్ములతో వాయించేవాడు. స్పైడర్ స్టేసీ టిన్ విజిల్ ఊదుతూ, మధ్యలో బీరు ట్రేతో తలమీద కొట్టుకునేవాడు. జెమ్ ఫైనర్ బాంజో, జేమ్స్ ఫెర్న్‌లీ అకార్డియన్ పాటను మోస్తాయి, మామూలు రాక్ బ్యాండులో గిటార్ మోసినట్టు. వాటిని అలంకారంగా పైన చల్లే బ్యాండ్లూ ఉన్నాయి, విజిల్ తీసేసినా పాట అలాగే ఉంటుంది. నాకు అవి ఒక్క వినికిడికే సరి.

మెరియన్ రోలోని ఓడొనహ్యూస్ పబ్ కూడా చూశాను. 1962లో ది డబ్లినర్స్ అనే జానపద బ్యాండ్ మొదలైన చోటు. చరిత్ర గొప్పదే, కానీ నేను వెళ్లినప్పుడు నిలబడడానికే చోటు లేదు. హోరు కావాలంటే వెక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో బ్యాండ్లు వేదికెక్కి వాయించే వీలన్స్ నయం. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, చెవులకు ప్లగ్గులు పట్టుకెళ్లండి. ముందురోజు కాబుల్‌స్టోన్‌లో విని, మర్నాడు ఇక్కడికి రావడమే నా సలహా. వరస తిప్పితే సగం మజా పోతుంది. శాకాహారులకు పబ్ వంటల్లో సూపు, బ్రెడ్డు, చిప్స్ మించి పెద్దగా ఆశలొద్దు.

పోగ్స్ గాయకుడు షేన్ మెగవన్ అభిమానులకు టిప్పరేరీలోని నీనా ఊరు అదనం. ఆయన పుట్టింది ఇంగ్లండ్‌లో, చిన్నతనంలో కొంతకాలం గడిపింది ఆ చుట్టుపక్కల తల్లివైపు బంధువుల ఇంట్లో. 2023 డిసెంబర్ 8న అక్కడి చర్చిలో అంత్యక్రియలు జరిగితే, పోగ్స్ పాట ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’ పాడుతుంటే బంధువులు లేచి డాన్స్ చేశారు. ఊళ్లో అంతకుమించి చూడ్డానికి పెద్దగా లేదు. డబ్లిన్ నుంచి రైల్లో వెళ్తే బాలీబ్రోఫీలో మారాలి, ఆ చిన్న లైనులో రోజుకు రైళ్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. తిరుగు రైలు టైము చూసుకోకుండా బయల్దేరొద్దు. ఇంకొకటి, ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌లో ఐర్లాండ్ లేదు, యూరప్ ట్రిప్‌లో కలిపేద్దాం అనుకునేవాళ్లు దీనికి వేరే వీసా పెట్టుకోవాలి.