రాత్రి తొమ్మిదిన్నర మీట్: మూడు కోర్సులు అయ్యాక

స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల సైటులో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల వాళ్లు నడిపేది) కోర్సులు ఎలా ఉంటాయో చాలామంది రాశారు, మళ్లీ రాయను. నేను చెప్పాలనుకున్నది వాటి పక్కన మేం నలుగురం గూగుల్ మీట్‌లో నడుపుకున్న రాత్రి చదువు గురించి. అది లేకపోతే ఐఐటీ రోపర్ వాళ్ల 12 వారాల పైథాన్ ప్రోగ్రామింగ్ కోర్సు మూడో వారంలోనే వదిలేసేవాణ్ణి.

నాది మూసాపేట. తమ్ముడని పిలిచే ఒకరిది ఉప్పల్, అక్క, అన్న అని పిలిచే ఇద్దరిది ఎల్బీనగర్ వైపు. ఫ్రీ అకౌంట్‌లో ముగ్గురు చేరితే మీట్ గంటకే ఆగిపోతుంది. ఆ గంటే మాకు కలిసొచ్చింది, కబుర్లకు తావుండేది కాదు.

ఒక రాత్రి ఉప్పల్ తమ్ముడు స్క్రీన్ షేర్ చేశాడు. ఐదు మార్కులు కూడమంటే ప్రోగ్రాం మొదటి మార్కు ఒక్కటే చూపిస్తోంది. తప్పెక్కడుందో నాకు కనిపించింది. చెప్పబోతుంటే అక్క ఆపింది. "ఆగన్నా, చెప్పకు. తమ్మీ, ఒక్కో లైను నోటితోని చదువు." చదువుతూ వచ్చాడు. ఫర్ లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది), లోపల కూడిక, దాని కిందే రిటర్న్ (జవాబిచ్చి ముగించేది)... అక్కడ గొంతు ఆగిపోయింది. "అక్కా, రిటర్న్ లూపు లోపలే ఉంది. ఒక్కసారి తిరగంగనే బయటికొచ్చేస్తుంది!" రిటర్న్‌ను నాలుగు స్పేసులు వెనక్కి జరిపి లూపు బయట పెట్టాడు, మొత్తం సరిగ్గా వచ్చింది. వాడి ముఖం చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇప్పుడు నేనూ నా కోడ్ పైకి చదువుకుంటాను.

2009లో అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్‌కి వెళ్లినప్పుడు, క్లాసులో విన్నదానికంటే క్లాసయ్యాక మెట్ల మీద పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నదే ఎక్కువ. ఇంట్లో ఒక్కణ్ణే వీడియో చూస్తుంటే ఆ మెట్లే ఉండవు. మీట్‌లో అవి మళ్లీ దొరికాయి.

కలిసి చదివితే మంచిదని మొదట్లో ఆఫీసులో అందరికీ చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. తెలిసినవాళ్లందరినీ చేర్చుకుంటూ వాట్సాప్ గ్రూపును ముప్పై మంది దాకా పెంచాం. బుధవారం రాత్రి 11:59కి అసైన్‌మెంట్ గడువు. పది దాటితే జవాబుల స్క్రీన్‌షాట్లు వచ్చిపడేవి. రెండు వారాలు నేనూ అవి చూసే పెట్టాను. చివరికి అసైన్‌మెంట్లలో 25కి 23 వచ్చాయి, సెంటర్‌లో కూర్చుని రాసిన పరీక్షలో 75కి 41. కలిపి 64, సర్టిఫికెట్ మీద ఎలైట్ (మంచి మార్కులకిచ్చే గుర్తింపు) అని పడింది. ఆ 23లో నాది ఎంతో నాకు తెలుసు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాతి రెండు కోర్సులకు మళ్లీ నలుగురమే. గడువు దాటేదాకా జవాబులు మాట్లాడుకోం. 12 వారాల కోర్సులో మంచి 8 అసైన్‌మెంట్లే లెక్కకొస్తాయి కాబట్టి, ఒక వారం రాకపోతే వదిలేయొచ్చు, కాపీ కొట్టక్కర్లేదు. రెండో కోర్సు పరీక్షయ్యాక నలుగురం అమీర్‌పేట మెట్రో దగ్గర మొదటిసారి కలిశాం. ఉప్పల్ నుంచి బ్లూ లైన్, మిగతా అందరం రెడ్ లైన్. అక్క ఇంత పొట్టిగా ఉంటుందని అనుకోలేదు.

నాకు ఏడింటికల్లా పని అయిపోతుంది, తలుపేసుకోవడానికి ఒక గదుంది. అందుకే ఇది నాకు కుదిరింది. ఎల్బీనగర్ అన్నకు గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ పడ్డాక వారానికి ఒక్కరోజు రావడమే గగనమైంది. ఈ జూలై బ్యాచ్‌కి అక్క కూడా రానంది, వాళ్ల బాబుది పదో తరగతి. ఆమె లేకుండా ఆ గంట ఎలా నడుస్తుందో చూడాలి.