కంపెనీ ఇచ్చే చదువు: టైమా, ఫీజా?

పని గంటల్లో చదువుకోనిస్తారా, కోర్సు ఫీజు తిరిగిస్తారా? చాలాచోట్ల రెండిట్లో ఒకటే దొరుకుతుంది.

ఖర్చు: టైమిస్తే ఫీజు మనదే. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ఏడాదికి 5 రోజులు జీతంతో చదువు సెలవు చట్టప్రకారం హక్కు. కోర్సు డబ్బు మాత్రం సాధారణంగా ఉద్యోగిదే. బవేరియాలో ఆ చట్టమే లేదు.

శ్రమ: ఫీజిస్తే చదువు రాత్రి పదింటికి, పిల్లలు పడుకున్నాక. కోర్సులు సగంలో ఆగేది ఇక్కడే.

రిస్కు: ఫీజు వెనక తరచూ బాండు (ఇన్నాళ్లు ఉద్యోగం మానకూడదన్న ఒప్పందం) ఉంటుంది, ముందే మానేస్తే ఆ డబ్బు తిరిగి కట్టాల్సిందే. టైముకి ఆ బెడద తక్కువ. కానీ సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడితే మేనేజరు ముందు కోసేది దాన్నే, క్యాలెండర్లో బ్లాక్ చేసుకున్నా సరే.

పైథాన్ లాంటివి ఉచితంగానే నేర్చుకోవచ్చు, వాటికి టైమే అడగండి. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) లాంటి, పరీక్ష ఫీజే బరువైన సర్టిఫికెట్లకు ఫీజు తీసుకోండి. బాండు గడువు చదివాకే సంతకం.