కిలిమంజారో, మచామే దారిలో: ఏది బాగుంది, ఏది బాలేదు

టాంజానియాలోని కిలిమంజారో పర్వతం ఎక్కడానికి తాళ్లూ మేకులూ అక్కర్లేదు. 5,895 మీటర్ల ఎత్తున ఉన్న ఉహురు శిఖరం దాకా నడిచే వెళ్లొచ్చు. అందుకే మనవాళ్లు చాలామంది పొద్దున్నే పరుగు అలవాటుంది, చాలులే అనుకుని టికెట్ కొనేస్తారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఏ దారిలో, ఎన్ని రోజుల్లో అన్నది. ఖర్చుల్లో ఎక్కడైనా కోత పెట్టుకోండి, రోజుల్లో మాత్రం వద్దు. పైన ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు సగం. దానికి ఒళ్లు అలవాటు పడాలంటే టైమ్ ఇవ్వాల్సిందే.

ఉన్న దారుల్లో పడుకోవడానికి గదులున్నది మరంగు ఒక్కటే. మా తమ్ముడు అంతకుముందు ఆ దారిలోనే వెళ్లాడు. "మంచం, పరుపు ఉన్న దారి ఉండగా గుడారంలో చలికి వణకడం ఎందుకన్నా?" అని ఫోన్లో ఒకటే పోరు. "నువ్వు కిబో నుంచే వెనక్కొచ్చావు కదరా" అంటే మాట మార్చేశాడు. తప్పు వాడిది కాదు, ప్లానుది. మరంగులో రాత్రి మజిలీలు మందారా 2,720 మీటర్లు, హొరోంబో 3,720, కిబో 4,720. అంటే రోజుకో వెయ్యి మీటర్లు పైకి పోయి, ఆ రాత్రే శిఖరానికి బయల్దేరాలి. అయిదు రోజుల్లో ముగించే ప్యాకేజీల్లో ఒళ్లు సర్దుకునే వ్యవధే ఉండదు. హొరోంబోలో ఇంకో రాత్రి ఆగి, పగలు జీబ్రా రాక్స్ దాకా ఎక్కి దిగితే కొంత నయం. గుడారమంటే అస్సలు పడనివాళ్లు, వానల్లో వెళ్లక తప్పనివాళ్లు మరంగు ఎంచుకోవచ్చు, కానీ ఆ అదనపు రోజు తప్పకుండా అడగాలి.

నేను మచామే ఎంచుకున్నాను, అదీ ఏడు రోజుల ప్లాన్. ఆరు రోజులదీ ఉంది, వంద రెండొందల డాలర్లు మిగులుతాయని చాలామంది దానికే మొగ్గుతారు. అందులో బరాంకో క్యాంపు నుంచి, మధ్యలో ఉన్న కరంగా క్యాంపులో ఆగకుండా, ఒకే రోజు ఆఖరి క్యాంపు బరాఫు చేరి, నాలుగు గంటలు కునుకు తీసి అర్ధరాత్రి శిఖరానికి లేవాలి. ఏడు రోజుల్లో కరంగాలో ఒక రాత్రి ఆగుతారు కాబట్టి, బరాఫుకి మధ్యాహ్నానికే చేరి కాళ్లు చాపుకోవచ్చు.

డబ్బు లెక్క కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ట్రెక్కు నడిపే కంపెనీని ఎంచుకునే కిటుకు ఇందులోనే ఉంది. పార్కు ప్రవేశ రుసుము రోజుకు 70 డాలర్లు, క్యాంపులో రాత్రికి 50, రెస్క్యూ ఫీజు మొత్తం ట్రిప్పుకు 20, మొత్తం మీద 18 శాతం వ్యాట్. ఏడు రోజులు, ఆరు రాత్రులకు కలిపితే ఒక్కో మనిషికి 950 డాలర్లు పైనే. ఎవరూ తగ్గించలేని ఖర్చు అది. మరి ఎవరైనా 1,300 డాలర్లకే మొత్తం చేసేస్తామంటే, మిగిలిన 350లో గైడు, వంటవాడు, పోర్టర్లు, వారానికి సరిపడా తిండి, వ్యాను అన్నీ ఎలా సర్దుతారు? పోర్టర్ల జీతంలో కోసి. అందుకే బేరమాడే ముందు ఆ కంపెనీ కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్‌లో భాగస్వామా కాదా అని చూడండి. పోర్టర్లకు జీతం ఇస్తున్నారా, మూడు పూటలా తిండి పెడుతున్నారా, వాళ్లు పడుకునే గుడారం ఎలా ఉంది అని ఆ సంస్థ వాకబు చేస్తుంటుంది.

మచామే గేటు దగ్గర మూటలన్నీ కాటా వేస్తారు. ఒక్కో పోర్టరు 20 కిలోలకు మించి మోయకూడదు. మా గైడు ఆ కాటా పక్కనే నిలబడి, బరువెక్కువైన మూటలోంచి బంగాళాదుంపల సంచీ తీయించి ఇంకో మూటలో సర్దించాడు. పక్క గుంపులో ఒకాయన మూడు జతల బూట్లు తెచ్చుకుని, "డబ్బిచ్చాం కదా, మోయరా?" అని వాదనకు దిగాడు. గంటసేపు అందరం ఆయన కోసం ఆగాం.

పరికరాలు కొండ కింద ఉన్న మోషీ ఊళ్లోనే అద్దెకు దొరుకుతాయి. చేతికర్రలు, గైటర్లు (బూట్లలోకి మట్టీ రాళ్లూ పోకుండా కాళ్లకు చుట్టుకునేవి), ఈకలు కూరిన డౌన్ జాకెట్టు అక్కడే తీసుకోవచ్చు, ఇక్కణ్నుంచి కొని మోసుకెళ్లడం దండగ. స్లీపింగ్ బ్యాగు మాత్రం అద్దె కొట్లోనే పూర్తిగా విప్పి, లోపల దూరి, జిప్పు కింది నుంచి పైదాకా వేసి చూడండి. నాకు ఇచ్చినదాని జిప్పు మోకాళ్ల దగ్గర పట్టేసింది, షిరా క్యాంపులో రాత్రంతా ఆ సందులోంచి చలి. మర్నాడు మా అసిస్టెంటు గైడు కొవ్వొత్తి ముక్కతో జిప్పు పళ్ల మీద రుద్ది దారిలో పెట్టాడు. బూట్లు మాత్రం సొంతవే ఉండాలి, కనీసం రెండు నెలలు తొడిగి అరగదీసినవి.

తిండి విషయంలో భయపడక్కర్లేదు. శాకాహారం అని ముందే చెబితే ఏ ఇబ్బందీ లేదు. చపాతీ, చాయ్ ఆ దేశంలో ఇంటింటి వంటకాలే. పొద్దున గంజి, గుడ్లు, మధ్యాహ్నం క్యాంపు చేరగానే అల్లం టీ, పాప్‌కార్న్, రాత్రికి వేడి సూపు, అన్నం, కూర. పోర్టర్లు తినే ఉగాలి ఒక పూట అడిగి తిన్నాను. మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటిలాగే ముద్ద చేసుకుని ఆకుకూరతో తినాలి. మెస్ టెంటులో వడ్డించిన పాస్తా కంటే అదే బాగుంది. నాలుగు వేల మీటర్లు దాటాక ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు పనికొచ్చింది ఇంటి నుంచి తెచ్చుకున్న పప్పుల పొడి, నిమ్మకాయ ఊరగాయ. వీటిని చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకోండి. టాంజానియాలో 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, పార్కులోకి వాడి పారేసే నీళ్ల సీసాలనూ రానివ్వరు. క్యాంపుల్లో తెల్లమెడ కాకులు తిరుగుతుంటాయి, సంచీ మూతి తెరిచి వదిలేస్తే బిస్కెట్లు వాటివే.

ఇక ఎవరూ రాయని సంగతి. క్యాంపుల్లో ఉన్న ఉమ్మడి మరుగుదొడ్లు ఘోరం. చెక్క గది, నేలలో కన్నం, గాలి ఎటు వీస్తే అటు వాసన. కంపెనీలు విడిగా టాయిలెట్ టెంటు ఇస్తాయి, దానికి వేరే డబ్బు. నలుగురు పంచుకుంటే తలకు పెద్దగా పడదు. మడత మంచాలు, పెద్ద మెస్ టెంట్లు లాంటి హంగులు వదులుకుని దీనికి పెట్టండి. పైగా ఎత్తుకు అలవాటు కావడానికి డయామాక్స్ వేసుకునేవాళ్లు రాత్రికి మూడు నాలుగుసార్లు లేవాలి, ఆ మాత్రతో మూత్రం ఎక్కువ. అది డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టొద్దు, సల్ఫా మందులు పడనివాళ్లు మరీనూ.

దారి అందం గురించి చెప్పాలంటే మొదటి రోజు అడవి, మొత్తం తడి, నాచు, బురద. దానికి ఇచ్చే పొగడ్తలు కాస్త ఎక్కువే అనిపించింది. నన్ను పట్టేసింది బరాంకో. పగలు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, అన్నం తిన్నాక మళ్లీ 3,900కి పైచిలుకు ఎత్తున్న బరాంకో లోయలోకి దింపుతారు. ఎత్తుకెక్కి పల్లంలో పడుకోవడమన్న సూత్రానికి ఇంతకన్నా మంచి రోజు లేదు. లావా టవర్ దగ్గర తల బద్దలైపోతున్నట్టు ఉన్నవాడిని బరాంకోలో రెండు గిన్నెల సూపు తాగాను. ఆ లోయంతా సెనీషియో చెట్లు. మనిషికి మూడింతల ఎత్తు, కాండం చుట్టూ ఎండిన ఆకులు కోటులా చుట్టుకుని ఉంటాయి. చలికి కాండం గడ్డకట్టకుండా ఆ ఎండాకులే కాపాడతాయట.

మర్నాడు బరాంకో గోడ. చూస్తే టెన్షన్ పుడుతుంది గానీ చేతులతో పట్టుకుంటూ ఎక్కే రాళ్లు, అంతే. ఒక చోట బండను వాటేసుకుని దాటాలి. మనం అక్కడ కాలు ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, నెత్తి మీద మూటతో పోర్టరు పక్కనుంచి దాటిపోతాడు. కరంగా దిగువన పారే ఏరే ఈ దారిలో ఆఖరి నీటి వసతి. బరాఫులో చుక్క నీరుండదు, వంటకీ తాగడానికీ అంతా ఇక్కణ్నుంచే మోసుకెళ్తారు. అది తెలిశాక బరాఫులో మొహం కడుక్కోవడానికి వేడినీళ్లు అడగబుద్ధి కాలేదు.

బరాఫు (4,670 మీటర్ల దగ్గర) అన్నింట్లోకీ నాసి క్యాంపు. వాలు నేల, పలక రాళ్లు, ఆగని గాలి. అర్ధరాత్రి బయల్దేరితే ముందూ వెనకా తలదీపాల వరస. ట్యూబుతో నీళ్లు పీల్చుకునే సంచీ ఇక్కడ పనికిరాదు, గంటలోనే ట్యూబులో నీళ్లు గడ్డకట్టాయి. మామూలు సీసాను తలకిందులుగా, మేజోడు తొడిగి పెట్టుకుంటే మూత దగ్గర గడ్డకట్టదు. మా గైడు రోజుకు రెండుసార్లు వేలికి ఆక్సీమీటరు పెట్టి రాసుకునేవాడు, ఆ రాత్రి మాత్రం అంకెలు చూడకుండా మమ్మల్ని మాట్లాడిస్తూ నడిచాడు. పేరేంటి, పిల్లలెంతమంది, నిన్న ఏం తిన్నావు అని. జవాబు తడబడితే కిందికి దింపేయడానికట. "పోలే పోలే" (స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని) అంటూ అతను పెట్టిన నడక ఎంత మెల్లగా ఉందంటే మొదట్లో చిరాకేసింది. అగ్నిపర్వతపు అంచు మీదికి చేరే స్టెల్లా పాయింటు దగ్గర, కింద మమ్మల్ని దాటి దూసుకుపోయిన ఇద్దరు కుర్రాళ్లు రాయికి ఆనుకుని వాంతులు చేసుకుంటున్నారు.

స్టెల్లా నుంచి ఉహురుకు ఇంకో ముప్పావుగంట, అగ్నిపర్వతపు అంచు వెంబడి. ఎడమవైపు హిమానీనదాలు. 1912లో కొలిచినప్పుడు ఉన్న మంచులో 80 శాతానికి పైగా ఇప్పుడు లేదు. మిగిలినవి నిలువుగా కోసిన గోడల్లా నిలబడి ఉన్నాయి. పైన బోర్డు దగ్గర ఫోటో కోసం క్యూ, తోపులాట. మూడు రంగుల జెండాతో ఒక మహారాష్ట్ర బృందం పావుగంట వదల్లేదు. ఫోను లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోకపోతే బ్యాటరీ అక్కడే చచ్చిపోతుంది.

దిగడం ఎక్కడం కంటే కష్టం. అదే రోజు మ్వెకా క్యాంపు దాకా, అంటే 3,100 మీటర్లకు దిగాలి. మోకాళ్లు ఏడుస్తాయి, చేతికర్రల విలువ అప్పుడు తెలుస్తుంది. ఆఖరి పొద్దున పోర్టర్లు పాటలు పాడతారు, టిప్పులు ఇచ్చేది అప్పుడే. ఎవరికెంత అన్నది అందరి ముందూ పైకి చదివి ఇవ్వండి, మొత్తం కవరు ఒకరి చేతిలో పెడితే కింది వాళ్లకు చేరేదెంతో చెప్పలేం. చిరిగినవీ బాగా పాతవీ అయిన డాలర్ నోట్లు అక్కడ తీసుకోరు.

బస మోషీలోనే పెట్టుకోండి. అరూషా పెద్ద ఊరే కానీ మచామే గేటుకు దూరం. నేను దిగిన హోటల్లో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు మాత్రం సాయంత్రం ఏడు దాటాక రాలేదు. వారం మురికితో వచ్చినవాడికి అది చిన్న సంగతి కాదు, బుక్ చేసే ముందు అడగండి. ప్రయాణ బీమా పత్రంలో 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్ వర్తిస్తుందని రాసి ఉందో లేదో చూడండి, మామూలు పాలసీల్లో చాలావాటిలో ఉండదు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పసుపు కార్డు దగ్గరుంచుకోండి, టాంజానియా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడగొచ్చు. హైదరాబాద్ వాళ్లకు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసిన పది రోజుల తర్వాత గానీ కార్డు చెల్లదు, అందుకని టికెట్ కొన్న వారంలోనే ఆ పని చేసేయండి.