గీజర్ పాడైంది: కాయిల్ మార్పించాలా, కొత్తది కొనాలా, ఎలక్ట్రిక్ షవర్‌కి మారాలా?

డిసెంబర్ వచ్చిందంటే బెంగళూరులో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు అడుగుతారు, గీజర్‌లో వేడినీళ్లు రావట్లేదు, మంచి మెకానిక్ నంబర్ ఉంటే పెట్టండి అని. కింద వరసగా సలహాలు. ఒకరు రిపేరు దండగ అంటారు, ఇంకొకరు లోపల నీళ్లు కాచే కాయిల్ మార్పిస్తే చాలంటారు, ఈమధ్య మూడో రకం కూడా తయారయ్యారు, గోడ మీద అంత పెద్ద డ్రమ్ము ఎందుకు, షవర్‌లోనే హీటర్ ఉన్నది ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అని. నన్నడిగితే గీజర్ వయసు చూసి నిర్ణయం తీసుకోకూడదు. పాడైంది ఎక్కడ, కరెంటులోనా, నీళ్లలోనా, కాయిల్‌లోనా, ట్యాంకులోనా, ముందు అది తేలాలి. అది తేలితే ఏది మేలో దానంతటదే తెలిసిపోతుంది.

అసలు గీజర్‌లో లోపమే లేని కేసులు చాలా ఉంటాయి, కొత్తది కొన్నా అవి అలాగే ఉంటాయి. ఉదాహరణకి వోల్టేజ్. 230 వోల్టులకు 2000 వాట్లు లాగే గీజర్, వోల్టేజ్ 200కి పడిపోతే 1500 వాట్లే లాగుతుంది, అంటే అవే నీళ్లు కాగడానికి మూడో వంతు ఎక్కువ సమయం పడుతుంది. పొద్దున్న ఏడింటికి అపార్ట్‌మెంట్ మొత్తం గీజర్లు ఆన్ చేసే వేళకి గోరువెచ్చగా వచ్చి, మధ్యాహ్నం మాత్రం పొగలు కక్కుతూ వస్తుంటే గీజర్‌ని అనుమానించాల్సిన పని లేదు. రెండోది మిక్సర్, అంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కుళాయి. వేడి, చల్ల నాబ్‌లు రెండూ తెరిచే ఉంచి, కొసన ఉన్న హ్యాండ్ షవర్ బటన్‌తో మాత్రమే నీళ్లు ఆపేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంటుంది, అప్పుడు చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి ఎగదన్నుతాయి. చల్ల నాబ్ పూర్తిగా కట్టేసి చూడండి, వేడి మామూలుగా వస్తే గీజర్ బాగానే ఉన్నట్టు. ఇక షవర్‌లో ధార సన్నబడిందంటే ముందు షవర్ తల విప్పి రంధ్రాలు చూడండి, బోరు నీళ్లయితే తెల్లగా పూడుకుపోయి ఉంటాయి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే వదిలిపోతుంది.

మూడోది సాకెట్, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మెయిన్ బోర్డులో గీజర్‌కి కరెంటు ఇచ్చే ఎంసీబీ (దానంతటదే పడిపోయే చిన్న స్విచ్) ఆపేసి గీజర్ ప్లగ్గు బయటికి లాగి, దాని పిన్నుల మొదట్లో చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి, ఒక పక్క కొద్దిగా కరిగి, ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన వస్తోందా? అయితే లోపల స్క్రూ వదులై ఉంటుంది. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, వదులైన చోట అంత కరెంటు పారితే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది, చివరికి ఒకరోజు కాంటాక్ట్ పోతుంది. గీజర్ లైటు వెలిగి ఆరిపోతూ ఉంటే ఎక్కువగా ఇదే కారణం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 16 ఆంపియర్ల మంచి సాకెట్ వేయించి, లోపలి వైరు 2.5 స్క్వేర్ ఎంఎంకి తగ్గకుండా ఉందో లేదో చూపించుకుంటే సరిపోతుంది.

ఇవేవీ కాకపోతే అప్పుడు గీజర్ లోపలికి. లైటు వెలుగుతోంది కానీ నీళ్లు చల్లగానే ఉన్నాయంటే కాయిల్ తెగి ఉంటుంది, లేదా నీళ్లు అతిగా కాగితే కరెంటు ఆపేసే థర్మల్ కటౌట్ పడి ఉంటుంది. కటౌట్‌కి కింది మూత లోపల చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే మళ్లీ పని చేస్తుంది, కానీ రెండు రోజులకే మళ్లీ పడితే వేడిని అదుపులో ఉంచాల్సిన థర్మోస్టాట్ నీళ్లని అతిగా కాగనిస్తోందని అర్థం, బటన్ నొక్కుతూ కాలక్షేపం చేయకుండా థర్మోస్టాట్ మార్పించాలి. కాయిల్‌ని మల్టీమీటర్‌తో పరీక్షిస్తారు, కరెంటు పూర్తిగా తీసేసి, వైర్లు విప్పాక. 2 కిలోవాట్ల కాయిల్ బాగుంటే 26 ఓమ్‌లు, 3 కిలోవాట్లదైతే 18 ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే తెగినట్టే. మెకానిక్ మీటర్ పెట్టకుండానే 'లోపల మొత్తం పోయింది సార్, మార్చేయండి' అంటే, 'ఒకసారి రీడింగ్ చూపించన్నా' అని మర్యాదగానే అడగండి, రెండు నిమిషాల పని.

గీజర్ ఆన్ చేయగానే ఇంటి మొత్తానికి కరెంటు పోతోందా? పడింది ఎంసీబీనా, ఆర్‌సీసీబీనా చూడండి, ఆర్‌సీసీబీ అంటే టెస్ట్ బటన్ ఉండే వెడల్పాటిది. అది పడుతోందంటే కరెంటు ఎర్త్‌లోకి లీకవుతోంది, చాలాసార్లు కాయిల్ పైగొట్టం చిట్లి నీళ్లు లోపలికి చేరడం వల్ల. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడిపోతాయి, మనిషి ప్రాణం కాపాడే పని అది. 'అది ఊరికే పడుతోంది, తీసి డైరెక్ట్ చేసేస్తా' అనే వాళ్లని ఇంట్లోకి రానివ్వకండి. ఎర్త్ వైరు విప్పి గీజర్ నడపడం ఇంకా ఘోరం.

కాయిల్, థర్మోస్టాట్, నీళ్లు కారకుండా వేసే గాస్కెట్, వీటిలో ఏది పోయినా రిపేరే మేలు, గీజర్ ఎనిమిదేళ్లదైనా సరే. కూలితో కలిపినా కొత్త గీజర్ ధరలో అది చిన్న భాగమే. పాత కాయిల్ బయటికి తీసినప్పుడు మాత్రం పక్కనే ఉండి చూడండి. బోరు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో అది కాయిల్‌లా ఉండదు, పెళుసుగా, పొరలు పొరలుగా తెల్లటి సున్నం కట్టి, అసలు లోహం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ పొర వేడిని నీళ్లకి చేరనివ్వదు, కాయిల్ తన వేడికి తానే మాడిపోతుంది. అంతకుముందు గీజర్‌లోంచి గరగరమని వచ్చిన శబ్దం కూడా దీనిదే. చాలా మోడళ్లలో ఆ పక్కనే సన్నటి మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా తుప్పంతా తన మీద వేసుకుని అరిగిపోతుంది. అరిగిపోయి తీగ మాత్రమే మిగిలితే కాయిల్ మార్చేటప్పుడే కొత్త కడ్డీ కూడా వేయించాలి, ఎంతోమంది మెకానిక్‌లు దాని ఊసెత్తరు, మనమే అడగాలి. విడిభాగాలకి బెంగళూరు ఎస్పీ రోడ్డు మార్కెట్‌కి వెళ్లేవాళ్లు గీజర్ మీది ప్లేటు, పాత కాయిల్ బోల్టుల అమరిక ఫోటో తీసుకెళ్లండి, ఐఎస్ఐ మార్కు లేనిది సగం ధరకి ఇచ్చినా వద్దు.

ట్యాంకే కారుతుంటే చర్చ లేదు, కొత్తదే. వేడి పైపులోంచి మాత్రమే తుప్పు రంగు నీళ్లు వస్తుంటే, అదీ ట్యాంకు లోపలి పూత పోయిందనడానికి గుర్తు, కాయిల్ మీద డబ్బు పెట్టొద్దు. రెండు పైపుల్లోనూ తుప్పు వస్తే మాత్రం గీజర్ తప్పు కాదు, బిల్డింగ్ పైపులు చూసుకోవాలి.

కొత్తదంటే ఏది? ఇక్కడ నేను మొహమాటం లేకుండా ట్యాంకులో నీళ్లు నిల్వ ఉంచి కాచే స్టోరేజ్ గీజర్ పక్షం. షవర్‌లోనే హీటర్ ఉండే రకం బ్రెజిల్‌లో ఇంటింటా వాడతారు, అక్కడ 5500 వాట్లవి మామూలు. అంత లోడుకి మన దగ్గర దాదాపు 24 ఆంపియర్లు కావాలి, మన 16 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు, మన బెంగళూరు అద్దె ఇళ్లు చాలావాటికి మొత్తం శాంక్షన్ లోడే, అంటే కరెంటు వాళ్లు ఆ ఇంటికి అనుమతించిన లోడే, 3 కిలోవాట్ల దరిదాపుల్లో ఉంటుంది. పోనీ 3 కిలోవాట్లది పెడితే, 20 డిగ్రీల నీళ్లని 40కి తేవాలంటే నిమిషానికి రెండు లీటర్లు, ఆపైన కాస్త, అంతే వస్తాయి. అది షవర్ కాదు, సన్నటి ధార. పైగా ఈ షవర్లు నీటి ఒత్తిడి తగిలితేనే ఆన్ అవుతాయి. టెర్రస్ ట్యాంకు కిందే ఉండే పై అంతస్తు ఫ్లాట్‌లో నీటి ఎత్తు మూడు మీటర్లుంటే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే, ఆన్ అవుతుందో లేదో రోజూ టెన్షన్. అన్నిటికంటే ముఖ్యం, స్నానం చేస్తున్నంతసేపూ తల మీద కరెంటు ఆన్‌లోనే ఉండాలి. ఎర్తింగ్ ఎలా ఉందో తెలియని అద్దె ఇంట్లో, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నచోట నేనైతే పెట్టను.

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ కొంత నయం, వంటింట్లో గిన్నెలకీ, ఒంటరిగా ఉండి బకెట్ స్నానం చేసేవాళ్లకీ బాగుంటుంది, ఏడు నిమిషాలకి ఒక బకెట్ వెచ్చటి నీళ్లిస్తుంది. నలుగురున్న ఇంట్లో స్కూలు బస్సు వేళకి మాత్రం క్యూ తప్పదు. 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ 2 కిలోవాట్లతోనే ఇరవై నిమిషాల్లో 60 డిగ్రీలకి కాస్తుంది, చన్నీళ్లు కలుపుకుంటే రెండు బకెట్లు, స్విచ్ ఆపేసి, ప్లగ్గు తీసేసి కూడా స్నానానికి వెళ్లొచ్చు. ఆ ఒక్క సౌకర్యం కోసమే దానికి ఓటేస్తాను. థర్మోస్టాట్‌ని 60 దాటనివ్వకండి, నీళ్లు ఎంత ఎక్కువ కాగితే సున్నం అంత ఎక్కువ పడుతుంది. 2024 అక్టోబర్‌లో కావేరి ఐదో దశ మొదలయ్యాక శివారు ఊళ్లలో కొన్ని బిల్డింగులకి బోరుతో పాటు కావేరి నీళ్లూ వస్తున్నాయి, మీ ట్యాంకులోకి ఏవి వస్తున్నాయో వాచ్‌మన్‌ని అడిగితే, గీజర్ ఎన్నాళ్లకోసారి విప్పి శుభ్రం చేయించాలో మీకే ఒక అంచనా వస్తుంది.

బిగించేటప్పుడు చన్నీళ్ల పైపు దగ్గర ప్రెషర్ వాల్వ్ పెడతారు, కాగేటప్పుడు దాన్నుంచి కొన్ని చుక్కలు పడడం మామూలే. బాత్రూమ్ తడుస్తోందని దానికి బిరడా బిగించేవాళ్లున్నారు, అస్సలు ఒప్పుకోకండి, చిన్న ట్యూబు పెట్టి డ్రైన్‌లోకి వదిలేయమనండి. థర్మోస్టాట్ మొరాయించి నీళ్లు సలసలా కాగిన రోజున ట్యాంకులోని ఒత్తిడి బయటికి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారి అదే.